పాత వీహెచ్ఎస్ హరికథను డీవీడీకి ఎక్కిస్తే మాట వెనకబడుతోంది: కారణం ఎక్కడ వెతకాలి?

కృష్ణాతీరం

సభ్యులందరికీ నమస్కారం. మా పెదనాన్నగారు 1990ల్లో చెప్పిన హరికథలు కొన్ని వీహెచ్ఎస్ క్యాసెట్లలో మిగిలి ఉన్నాయి. మా ఊళ్లో పెద్దవాళ్లు ఇప్పటికీ టీవీకి డీవీడీ ప్లేయరు తగిలించుకునే చూస్తారు కాబట్టి, వాటిని డిస్కులుగా చేసి ఇవ్వాలని పని మొదలుపెట్టాను. వీసీఆర్ నుంచి బొమ్మను యూఎస్‌బీ క్యాప్చర్ పరికరం ద్వారా, ధ్వనిని విడిగా కంప్యూటరు లైన్-ఇన్ ద్వారా తీసుకుని, వర్చువల్‌డబ్ అనే వీడియో ప్రోగ్రాములో ఏవీఐ రకం వీడియో ఫైలుగా భద్రపరిచాను. ఆ ఫైలును డీవీడీలు తయారుచేసే డీవీడీస్టైలర్ ప్రోగ్రాముకు ఇచ్చి డిస్కు రాయించాను.

మొదటి క్యాసెట్టు నిడివి సుమారు గంటన్నర. ప్రార్థన దగ్గర అంతా సరిగానే ఉంటుంది. కథ సగానికి వచ్చేసరికి పెదవులు కదిలాక గాని మాట వినిపించదు. మంగళహారతి వేళకు చిడతలు తాకి విడిపోయిన తరువాత వాటి చప్పుడు వస్తుంది. ధ్వనిని ఒక సెకను ముందుకు జరిపి చూస్తే చివరి భాగం దాదాపు కుదిరింది గాని, మొదట్లో మాట ముందే వచ్చేస్తోంది. ఎంత జరిపినా ఒకచోట కుదిరితే మరోచోట చెడుతోంది. లోపం క్యాసెట్టులో ఉందా, తీసుకోవడంలో ఉందా, డిస్కు రాయడంలో ఉందా అన్నది తెలిస్తే మిగిలిన క్యాసెట్ల జోలికి వెళ్తాను.

శబ్దతరంగం

కృష్ణాతీరం గారూ, జరపడం ఆపి ముందు కొలవండి. మాట కుదరకపోవడం చూడటానికి ఒకే జబ్బులా కనిపించినా అందులో మూడు రకాలు ఉన్నాయి, ఒకదానికి చేసే వైద్యం మరొకదానికి హాని చేస్తుంది. మొదటి నుంచి చివరి దాకా తేడా ఒకే మాదిరిగా ఉంటే ధ్వనిని ఆ మేరకు జరిపితే చాలు. తేడా సున్నాతో మొదలై నిలకడగా పెరుగుతూ పోతే జరపడం వల్ల ఉపయోగం లేదు, ధ్వని నిడివినే సవరించాలి. కొంతసేపు బాగా నడిచి ఒక్కసారిగా తప్పి, ఆ తరువాత అదే తేడాతో సాగితే, అక్కడ ఫ్రేములు (కదిలే బొమ్మలోని ఒక్కొక్క నిశ్చల చిత్రం) పోయాయని అర్థం, ఆ చోటు వెతికి అక్కడే సరిచేయాలి.

కొలవడానికి మీ దగ్గర ఉన్న చిడతలకు మించిన సాధనం లేదు. సినిమా వాళ్లు క్లాప్ కొట్టేది ఇందుకే. మొదటి అయిదు నిమిషాల్లో ఒకచోట, నడుమ ఒకచోట, చివర ఒకచోట చిడతలు స్పష్టంగా కనిపించే దృశ్యాలను ఎంచుకోండి. వర్చువల్‌డబ్‌లో బాణం మీటతో ఒక్కొక్క ఫ్రేమే జరుపుతూ, రెండు చెక్కలు తాకిన ఫ్రేము సమయం రాసుకోండి. అదే ఫైలులోని ధ్వనిని వేవ్‌గా (కుదించని ధ్వని ఫైలుగా) తీసి ఆడాసిటీ అనే ధ్వని ఎడిటింగ్ ప్రోగ్రాములో తెరిస్తే ఆ దెబ్బ నిట్టనిలువుగా ముల్లులా కనిపిస్తుంది. దాని సమయం కూడా రాసుకోండి. మన దేశపు టీవీ విధానమైన పాల్‌లో సెకనుకు 25 ఫ్రేములు, అంటే ఒక్కో ఫ్రేము 40 మిల్లీసెకన్లు. తేడాను ఫ్రేముల్లో చెప్పినా సరిపోతుంది.

మృదంగం మీద కొలవకండి. చేయి కదిలిన క్షణానికీ దెబ్బ పడిన క్షణానికీ నడుమ ఏ ఫ్రేమును ఎంచుకోవాలో కంటికి తేలదు.

డిస్కులశాల

ఒకసారి 4ఎక్స్ వేగంతో, మంచి రకం ఖాళీ డిస్కు మీద రాసి చూడండి. చవక డిస్కుల మీద ఎక్కువ వేగంతో రాసినప్పుడు ఇలాంటివి జరగడం నేను గమనించాను.

మిక్సింగ్‌గది

డిస్కులశాల గారి సలహా డిస్కు మన్నిక విషయంలో మంచిదే గాని, ఈ ఇబ్బందికి కారణం అది కాదు. డీవీడీలో బొమ్మా ధ్వనీ రెండు వేరు దారుల్లో ఉండవు. రెండూ చిన్న చిన్న పొట్లాలుగా ఒకే ప్రవాహంలో అల్లుకుని ఉంటాయి, ప్రతి పొట్లం మీదా అది ఎప్పుడు వినిపించాలో, ఎప్పుడు కనిపించాలో సెకనుకు 90,000 గుర్తులు కొట్టే గడియారం లెక్కలో సమయం రాసి ఉంటుంది. డిస్కు చెడిపోతే బొమ్మ గళ్లుగళ్లుగా విరుగుతుంది, లేదా బొమ్మా మాటా కలిసే ఆగుతాయి. గంటన్నర పాటు మాట నెమ్మదిగా వెనక్కి జారుతూ పోవడం డిస్కు లోపం వల్ల జరగదు.

కృష్ణాతీరం గారూ, తప్పు ఎక్కడ పుట్టిందో తెలియాలంటే మెట్టు మెట్టుగా చూడాలి. ముందు అసలు ఏవీఐ ఫైలును, తరువాత దాని నుంచి డీవీడీ కోసం తయారైన ఎంపెగ్-2 వీడియోను, ఆ పైన డిస్కు ఫోల్డరులో బొమ్మా ధ్వనీ కలిసి ఉండే వీఓబీ ఫైళ్లను, చివరగా డిస్కును చూడండి. నాలుగింటిలోనూ చివరి మంగళహారతినే చూడాలి. తేడా మొదటిసారి కనిపించిన మెట్టు దగ్గర ఆగితే, ఆ పై మెట్లను అనుమానించవలసిన అవసరం ఉండదు.

వీఓబీలను చూసేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. ఒకే కార్యక్రమం ఒక్కో గిగాబైటు చొప్పున ముక్కలై ఉంటుంది. ఆ ముక్కలు ఎక్కడ పడితే అక్కడ తెగుతాయి కాబట్టి రెండో ముక్కను విడిగా తెరిస్తే మొదట్లో మాట కుదరనట్టు కనిపించవచ్చు. ఫోల్డరు మొత్తాన్ని డిస్కులాగానే ప్లేయరుకు ఇచ్చి చూడండి.

కృష్ణాతీరం

చెప్పినట్టే చేశాను. తేడా అసలు ఏవీఐలోనే ఉంది, డిస్కు దానిని ఉన్నది ఉన్నట్టు చూపిస్తోంది.

మొదటి క్యాసెట్టులో కొలతలు ఇవి. 5వ నిమిషం దగ్గర ధ్వని 2 ఫ్రేములు, 45వ నిమిషం దగ్గర 17 ఫ్రేములు, 90వ నిమిషం దగ్గర 34 ఫ్రేములు వెనకబడి ఉంది. రెండో క్యాసెట్టును కూడా ఇలాగే తీసుకుని ఉన్నాను గనుక దానినీ కొలిచాను. అందులో 20వ నిమిషానికి 8 ఫ్రేముల వెనకబాటు ఉంది. ఆ తరువాత రికార్డింగు ఆపి మళ్లీ మొదలుపెట్టినట్టు తెర మీద కొద్దిసేపు మంచు కురుస్తుంది. అది దాటాక 22వ నిమిషం దగ్గర కొలిస్తే ఏకంగా 23 ఫ్రేములు, 60వ నిమిషానికి 38 ఫ్రేములు వచ్చాయి. వర్చువల్‌డబ్ టైమింగ్ అమరికలో ధ్వనినీ బొమ్మనూ తిరిగి కలపవద్దు అన్న ఎంపిక పెట్టి ఉంది.

శబ్దతరంగం

ఇంత చక్కగా కొలిచి ఇచ్చినందుకు ధన్యవాదాలు. ఇప్పుడు ఊహించవలసింది ఏమీ మిగలలేదు.

మొదటి క్యాసెట్టులో 5వ నిమిషానికీ 90వ నిమిషానికీ నడుమ 5,100 సెకన్లు ఉన్నాయి. ఆ వ్యవధిలో తేడా 2 ఫ్రేముల నుంచి 34కు పెరిగింది, అంటే 32 ఫ్రేములు, అంటే 1.28 సెకన్లు. భాగిస్తే పదివేలలో రెండున్నర వంతు, శాతంలో చెబితే 0.025. ఈ లెక్క ప్రకారం 45వ నిమిషానికి తేడా సుమారు 0.68 సెకన్లు ఉండాలి. మీరు కొలిచిన 17 ఫ్రేములు సరిగ్గా అంతే. మూడు కొలతలూ ఒకే గీత మీద పడ్డాయి కాబట్టి ఇది రెండు గడియారాల తగువు.

ఆ తగువు ఎలా పుడుతుందంటే, మీ క్యాప్చర్ పరికరం ఫ్రేములను వీసీఆర్ పంపే సంకేతాన్ని బట్టి పట్టుకుంటుంది. ధ్వనిని మాత్రం కంప్యూటరు సౌండ్ కార్డు తన సొంత స్ఫటికం కొట్టే టిక్కులను బట్టి సెకనుకు 48,000 నమూనాలుగా కొలుస్తుంది. ఈ రెండింటికీ ఒకదానితో ఒకటి సంబంధం లేదు. మీ కార్డు కొద్దిగా తొందరపడి, వీసీఆర్ లెక్కలో ఒక సెకను గడిచేలోగా 48,012 నమూనాలు తీసిందనుకోండి. ఫైలును వినిపించేటప్పుడు మళ్లీ సెకనుకు 48,000 చొప్పునే ఖర్చవుతాయి గనుక మిగిలిన 12 నమూనాలు తరువాతి సెకనులోకి జారతాయి. అలా ప్రతి సెకనూ కొద్దికొద్దిగా పోగుపడి మంగళహారతి వేళకు ఒకటింపావు సెకను దాటింది. క్యాసెట్టులో ఏ లోపమూ లేదు. ఒకే టేపు మీద బొమ్మా ధ్వనీ పక్కపక్కనే నమోదై ఉంటాయి కాబట్టి టేపు నడక కొద్దిగా అటూ ఇటూ అయినా రెండూ కలిసే అవుతాయి.

వైద్యం సులువు. ధ్వనిని వేవ్‌గా బయటికి తీసి ఆడాసిటీలో వేగం మార్చే ఆదేశంతో 1.00025 రెట్లు చేయండి. ఆ సవరించిన వేవ్‌నే మళ్లీ బొమ్మతో కలిపి, ఆ పైన డీవీడీకి పంపండి. డీవీడీలో వాడే కుదించిన ధ్వని రకమైన ఏసీ-3గా మార్చిన తరువాత సవరించబోతే మరొకసారి విప్పి కుదించవలసి వచ్చి నాణ్యత పోతుంది.

ఫైలులో బొమ్మ నిడివి ఎంత, ధ్వని నిడివి ఎంత అని చూసి, రెండింటినీ సమానం చేసేస్తే సరిపోతుందని చాలామంది చెబుతారు. దానిని నమ్మకండి. క్యాప్చర్ ఆపినప్పుడు బొమ్మ ఒక క్షణంలో, ధ్వని మరొక క్షణంలో ఆగవచ్చు. చిడతల కొలతే ప్రమాణం.

శ్రుతిలయ

ఒక సందేహం. వేగం మారిస్తే శ్రుతి కూడా మారుతుంది గదా. హరికథలో దాసుగారి గాత్రం, హార్మోనియం, వయొలిన్ అన్నీ ఒక శ్రుతికి కట్టుబడి ఉంటాయి. ఆడాసిటీలోనే శ్రుతి మారకుండా నడకను మాత్రమే మార్చే ఆదేశం వేరుగా ఉంది. సంగీతానికి అదే వాడటం ఉచితం కాదా?

శబ్దతరంగం

శ్రుతిలయ గారూ, ఇది అడగవలసిన ప్రశ్నే. ఒక అరస్వరం అంటే కంపనాల సంఖ్యలో సుమారు 5.95 శాతం తేడా. దానిని నూరు భాగాలు చేస్తే ఒక్కో భాగం 0.058 శాతం. మనం మార్చేది 0.025 శాతం, అంటే అరస్వరంలో నూరో వంతుకు సగం కూడా కాదు. ఎంత సూక్ష్మమైన చెవికైనా అది అందదు. పైగా ఇక్కడ మనం శ్రుతిని చెడగొట్టడం లేదు. సౌండ్ కార్డు తొందరపాటు వల్ల ధ్వని సాగి, శ్రుతి అంతే మేరకు దిగి ఉంది. వేగం సవరిస్తే అది తన అసలు స్థానానికి తిరిగి వస్తుంది.

శ్రుతిని కదపకుండా నడకను మార్చే పద్ధతి ధ్వనిని చిన్న చిన్న తునకలుగా కోసి, కొన్నిటిని ఒకదాని మీద ఒకటి అతికిస్తుంది. గాత్రం వరకు అది తెలియకపోవచ్చు గాని, మృదంగం మీద ‘త’ పడిన మొనా, గజ్జెల గలగలా అతుకు పడిన చోట మొద్దుబారతాయి. ఇంత చిన్న సవరణకు అంత కోత అనవసరం.

మిక్సింగ్‌గది

రెండో క్యాసెట్టు గురించి చెబుతాను. అక్కడ రెండు రకాల లోపాలూ ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి. 20 నిమిషాలకు 8 ఫ్రేములంటే మొదటి క్యాసెట్టులో ఉన్న నడకే. 22 నుంచి 60వ నిమిషం దాకా 15 ఫ్రేములు పెరిగాయి, అదీ ఆ నడకే. నడుమ ఉన్న రెండు నిమిషాల్లో సహజంగా ఒక ఫ్రేముకు మించి పెరగకూడదు గాని 15 పెరిగాయి. కాబట్టి ఆ మంచు కురిసిన చోట సుమారు 14 ఫ్రేములు మీ పరికరం జారవిడిచింది.

మంచు అంటే టేపు మీద బొమ్మ లేని చోటు. ఫ్రేము ఎక్కడ మొదలవుతుందో చెప్పే సంకేతం అక్కడ లేదు కాబట్టి పరికరం చేతికి ఏమీ అందదు. సౌండ్ కార్డు మాత్రం గాలి చప్పుడునైనా రాసుకుంటూ పోతుంది. అందువల్ల ఆ చోట బొమ్మ కురచగా, ధ్వని పొడుగ్గా తయారయ్యాయి.

వరుస ముఖ్యం. ముందు మొత్తం ధ్వనికి 1.00025 సవరణ చేయండి. తరువాత మంచుకు ముందు ఒకసారి, దాటాక ఒకసారి మళ్లీ కొలవండి. ముందు తేడా సున్నాకు దగ్గరగా, తరువాత అర సెకనుకు కొద్దిగా ఎక్కువగా వస్తుంది. ఆ రెండో తేడా ఎంతో అంత ధ్వనిని, మంచు కురిసే చోట బుస్సుమనే శబ్దంలోంచి కోసేయండి. అక్కడ కథా లేదు, పాటా లేదు కాబట్టి పోయేది ఏమీ ఉండదు. ముందే కోసి తరువాత వేగం సవరిస్తే లెక్క కలవదు.

మిగిలిన క్యాసెట్లకు మాత్రం, అటువంటి ఖాళీ కనిపిస్తే అక్కడ క్యాప్చర్ ఆపి, బొమ్మ నిలకడగా వచ్చాక కొత్త ఫైలుగా మొదలుపెట్టండి. వర్చువల్‌డబ్ పక్క పలకలో పోయిన ఫ్రేముల సంఖ్య, చొప్పించిన ఫ్రేముల సంఖ్య విడివిడిగా కనిపిస్తాయి. పోయిన ఫ్రేముకు బదులుగా పాత ఫ్రేమునే చొప్పించే ఎంపికను ఎప్పుడూ ఆన్ చేసి ఉంచాలి. టేపు బాగా ముడతలు పడి బొమ్మ పై అంచు వంగుతూ ఉంటే, వీసీఆర్‌కూ క్యాప్చర్ పరికరానికీ నడుమ బొమ్మ గీతల సమయాన్ని సరిచేసే టైమ్ బేస్ కరెక్టరు పెట్టడమే సరైన మార్గం. ఆ పరికరం దొరకనప్పుడు కొందరు పాత పానాసోనిక్ డీవీడీ రికార్డరులో బొమ్మను లోపలికి పంపి బయటికి తీసుకుంటారు. గీతల ఒణుకును అది తన జ్ఞాపకంలో నిలిపి సరిదిద్ది పంపుతుంది.

ఇంకొక మాట. వర్చువల్‌డబ్‌లో ధ్వనిని బొమ్మకు తగ్గట్టు అప్పటికప్పుడు సాగదీస్తూ పోయే ఎంపిక ఒకటుంది. నా అనుభవంలో దానిని ఆన్ చేస్తే గడియారాల తగువు క్యాప్చర్ దగ్గరే తీరిపోయి ఈ లెక్కలేవీ అవసరం పడవు.

శబ్దతరంగం

మిక్సింగ్‌గది గారు చెప్పినవాటిలో ఈ చివరి మాటతో మాత్రం ఏకీభవించలేను. ఆ ఎంపిక అప్పటికప్పుడు అంచనా వేసి ధ్వనిని సాగదీస్తుంది. టేపు సాఫీగా ఉన్నంతసేపు అది బాగానే పనిచేస్తుంది. ఫ్రేములు పోయిన చోట ఆ తేడాను కూడా గడియారం తేడాగా భావించి, తరువాతి కొన్ని నిమిషాల ధ్వనిని క్రమంగా వంచుతుంది. అప్పుడు శ్రుతి వంగడం మొదలవుతుంది, ఎక్కడ ఎంత వంగిందో తరువాత కనుక్కోవడం దుర్లభం. నిలకడగా ఉన్న లోపాన్ని ఒకే గుణకంతో సరిచేయవచ్చు. ఇలాంటి అరుదైన రికార్డింగులకు ధ్వనిని ముట్టుకోకుండా తీసుకుని, తరువాత కొలిచి సవరించడమే మేలని నా అభిప్రాయం.

మిక్సింగ్‌గది

సంగీతం ఉన్న టేపుల విషయంలో మీ వాదన ఒప్పుకుంటాను. పెళ్లి క్యాసెట్లు రోజుకు నాలుగైదు చేసి ఇవ్వవలసిన నాలాంటివారికి ప్రతిదానికీ కొలత పెట్టుకుని కూర్చోవడం సాధ్యం కాదు, అందుకే ఆ ఎంపిక వాడతాను. తన సొంత ఆడియో రంధ్రాలు ఉన్న క్యాప్చర్ పరికరం దొరికితే ఈ చర్చే ఉండదు. బొమ్మనూ ధ్వనినీ ఒకే పరికరం, ఒకే గడియారంతో కొలిచేలా తయారైనవి ఉన్నాయి. ఏవీ-ఇన్ ఉన్న పాత మినీ డీవీ కెమెరా కూడా ఆ పనికి వస్తుంది. వీసీఆర్‌ను దానికి తగిలించి ఫైర్‌వైర్ తీగ ద్వారా కంప్యూటరుకు తీసుకుంటే బొమ్మా ధ్వనీ కలిసే వస్తాయి. ధ్వనిని 12 బిట్ల అమరికలో కాక 16 బిట్ల అమరికలో పెట్టుకోవాలి. 12 బిట్లదైతే సెకనుకు 32,000 నమూనాలే వస్తాయి, డీవీడీకి కావలసింది 48,000.

డాలస్ వాసి

ఈ చర్చ చదువుతుంటే ఇక్కడ మావాళ్లకు ఎదురయ్యే మరో చిక్కు చెప్పాలనిపించింది. మన దేశం నుంచి వచ్చిన పాల్ డిస్కులను అమెరికాలోని చాలా డీవీడీ ప్లేయర్లు ఆడించవు. అందుకని పాల్ ఏవీఐని అమెరికా టీవీ విధానమైన ఎన్‌టీఎస్‌సీ డిస్కుగా మార్చేటప్పుడు మాట తప్పిపోవడం తరచుగా జరుగుతుంది. ఎన్‌టీఎస్‌సీ వేగాన్ని అందరూ 30 ఫ్రేములు అంటారు గాని అసలు వేగం 29.97. ఒక ప్రోగ్రాము 30 అని, మరొకటి 29.97 అని లెక్కవేస్తే గంటకు 3.6 సెకన్ల తేడా వస్తుంది. తేడా గంటకు సరిగ్గా అంతే కనిపిస్తే వేరే కారణం వెతకనక్కరలేదు.

మరికొందరు 25 ఫ్రేముల బొమ్మను 23.976కు మందగింపజేసి డిస్కు చేస్తారు. అప్పుడు ధ్వనిని కూడా నాలుగు శాతం పైగా సాగదీయవలసి వస్తుంది, శ్రుతి అరస్వరంలో ముప్పాతిక వంతు కిందికి దిగుతుంది. సినిమాకు పెట్టిన పద్ధతి అది. క్యాసెట్టు నుంచి వచ్చిన హరికథకు దానిని వాడకండి. బొమ్మ నిడివి మారకుండా ఫ్రేముల సంఖ్యను మాత్రమే మార్చే పద్ధతిని ఎంచుకుంటే ధ్వనిని ముట్టుకోవలసిన పనే ఉండదు. ఇక్కడి బంధువుల కోసం విడిగా ఎన్‌టీఎస్‌సీ డిస్కు చేస్తే మంచిది. మన దేశంలో అమ్మిన ప్లేయర్లలో చాలావరకు రెండింటినీ ఆడిస్తాయి.

పాలమూరు పిల్లగాలి

మా చెల్లెలి నిశ్చితార్థం సెల్‌ఫోనుతో తీసినది డీవీడీ చేయించాం. అందులోనూ మాట తప్పుతోంది. ఫోనులో చూస్తే బాగానే ఉంది. ఒకచోట ముందుకు, ఒకచోట వెనక్కు వెళ్తోంది, శబ్దతరంగం గారు చెప్పిన మూడింటిలో ఏదీ కాదనిపిస్తోంది. దీనికీ ఇదే లెక్కా?

మిక్సింగ్‌గది

కాదండీ, అది వేరే సంగతి. ఫోను సెకనుకు 30 ఫ్రేములు తీస్తున్నానని చెప్పినా, వెలుతురు తగ్గితే ఒక్కో ఫ్రేముకు ఎక్కువసేపు తీసుకుని 24కో అంతకన్నా తక్కువకో దిగిపోతుంది. ప్రతి ఫ్రేము పక్కనా దాని సమయం రాసుకుంటుంది కాబట్టి ఫోనులో చూసినప్పుడు సరిగా కనిపిస్తుంది. డీవీడీ తయారుచేసే పాత ప్రోగ్రాములు ఆ సమయాలను పట్టించుకోకుండా ఫ్రేములను సమాన దూరంలో పేర్చేస్తాయి. అందుకే చీకటి మండపంలో ఒక రకంగా, ఆరుబయట మరో రకంగా తప్పుతోంది.

ఫైలును దాని వివరాలు చూపే మీడియాఇన్ఫో ప్రోగ్రాములో తెరిచి ఫ్రేము వేగం స్థిరమా, చరమా అన్నది చూడండి. చరమైతే (మారుతూ ఉంటే) వీడియో రకం మార్చే హ్యాండ్‌బ్రేక్ ప్రోగ్రాములో స్థిర వేగం ఎంపికతో ఒకసారి మార్చుకుని, ఆ కొత్త ఫైలును డీవీడీకి ఇవ్వండి. 30 ఫ్రేముల వీడియోను 25కు దించితే కదలికలు కుదుపుగా కనిపిస్తాయి గనుక మీ డిస్కును కూడా ఎన్‌టీఎస్‌సీలోనే చేయడం మంచిది.

క్యామ్‌కార్డరుతో తీసినవారికి కూడా ఒక మాట. కెమెరా మెమొరీ కార్డు మీద పొడవైన రికార్డింగు రెండు లేదా నాలుగు గిగాబైట్ల దగ్గర తెగి కొత్త ఎంటీఎస్ ఫైలు మొదలవుతుంది. ఆ ముక్కలను ఎడిటింగ్ ప్రోగ్రాములో ఒకదాని పక్కన ఒకటి పేరిస్తే, అతుకు దగ్గర ధ్వనిలో చిన్న ఖాళీ పడి మాట తునిగిపోవచ్చు. కెమెరాతో వచ్చిన ప్రోగ్రాము ద్వారా కార్డు నుంచి దించితే అదే వాటిని ఒకే ఫైలుగా కలిపి ఇస్తుంది.

కృష్ణాతీరం

రెండు క్యాసెట్లూ సరిచేశాను. మొదటిదానిలో మూడు చోట్లా తేడా ఒక ఫ్రేముకు లోపే ఉంది. రెండోదానిలో వేగం సవరించిన తరువాత మంచు దాటాక 14 ఫ్రేముల తేడా మిగిలింది, దానిని ఆ బుస్సుమనే చోట కోసేశాను. మంగళహారతిలో చిడత తాకగానే మోత వినిపిస్తుంటే కలిగిన సంతోషం చెప్పలేను. అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు.

ఒక్కటి మిగిలింది. ఆ డిస్కు కంప్యూటరులోనూ పాత పెట్టె టీవీలోనూ చక్కగా ఉంది. మా అన్నయ్య ఇంట్లో గోడకు తగిలించిన కొత్త టీవీలో మాత్రం, ధ్వనిని ప్లేయరు నుంచి నేరుగా యాంప్లిఫయరుకు ఇచ్చారు, అక్కడ మాట కొద్దిగా ముందే వస్తోంది. మొదటి నుంచి చివరి దాకా అంతే ఉంది. డిస్కులోనే ధ్వనిని రెండు మూడు ఫ్రేములు వెనక్కి జరపమంటారా?

శబ్దతరంగం

డిస్కును ముట్టుకోకండి. కొత్త టీవీలు బొమ్మను పెద్దదిగా సాగదీసి, గీతలు పూడ్చి, మెరుగులు దిద్ది చూపడానికి కొంత సమయం తీసుకుంటాయి. ధ్వని టీవీలోకి వెళ్లకుండా నేరుగా యాంప్లిఫయరుకు వెళ్లిపోతే ఆ ఆలస్యం దానికి ఉండదు. డిస్కులో సవరిస్తే ఆ ఒక్క ఇంట్లో కుదిరి మిగిలిన అన్ని ఇళ్లలో చెడుతుంది. ధ్వనిని కూడా టీవీలోకే పంపి, టీవీ వెనక ఉన్న ఆడియో-అవుట్ నుంచి యాంప్లిఫయరుకు ఇమ్మనండి. లేదా యాంప్లిఫయరులో ధ్వనిని ఆలస్యం చేసే అమరిక ఉంటే అక్కడ మార్చుకోవచ్చు. టీవీలో గేమ్ మోడ్ ఉంటే అది పెట్టినా ఆలస్యం బాగా తగ్గుతుంది.

మాట ముందే రావడం మీకు ఇంత చప్పున తెలియడానికి కారణం ఉంది. అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ వారి బీటీ.1359 సిఫారసు ప్రకారం ధ్వని 45 మిల్లీసెకన్లు ముందు వస్తేనే చూసేవారు పట్టేస్తారు, వెనకబడితే 125 మిల్లీసెకన్ల దాకా గమనించరు. దూరంగా జరిగేది ముందు కనిపించి తరువాత వినిపించడం మనకు పుట్టినప్పటి నుంచీ అలవాటు. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 345 మీటర్లే పోతుంది కాబట్టి, పందిట్లో 30 మీటర్ల దూరాన కూర్చున్నవారికి దాసుగారి మాట 87 మిల్లీసెకన్లు ఆలస్యంగానే చేరుతుంది. అందుకని సవరించేటప్పుడు ఒక ఫ్రేము ఇటా అటా అన్న సందేహం వస్తే ధ్వనిని వెనకవైపే ఉంచండి.

కెమెరాకున్న మైకుతోనే తీసిన క్యాసెట్లలో కూడా ఇలాంటి ఆలస్యం ఉంటుంది. కెమెరా పందిరి చివర ఉంటే రెండు ఫ్రేముల తేడా రికార్డింగులోనే ఉంటుంది, దానిని గడియారం తేడాగా లెక్కలోకి తీసుకోకూడదు. మొదట్లోనూ చివర్లోనూ ఒకే మాదిరిగా ఉండటమే దాని గుర్తు.

కృష్ణాతీరం

ధ్వనిని టీవీ ద్వారా పంపితే సర్దుకుంది. మిగిలిన క్యాసెట్లన్నిటికీ ఇదే 1.00025 గుణకం వాడవచ్చునా? అదే వీసీఆర్, అదే కంప్యూటరు.

శబ్దతరంగం

దగ్గరగానే వస్తుంది గాని కొలవకుండా వాడకండి. స్ఫటికం వేడెక్కిన కొద్దీ కొద్దిగా మారుతుంది, పైగా ఫ్రేములు ఎక్కడైనా పోయాయేమో కొలిస్తేనే తెలుస్తుంది. ప్రతి క్యాసెట్టుకూ మొదట ఒకచోట, చివర ఒకచోట కొలవండి. వచ్చిన గుణకం దీనికి దగ్గరగా ఉంటే సరే. చాలా తేడాగా వస్తే నడుమ ఎక్కడో ఫ్రేములు జారాయని గ్రహించి, సగం దగ్గర, పావు దగ్గర కొలుస్తూ ఆ చోటును పట్టుకోండి.

గంటన్నర కథకు 4.7 గిగాబైట్ల డిస్కులో బొమ్మకూ ధ్వనికీ కలిపి సెకనుకు సుమారు 6.9 మెగాబిట్లు వస్తాయి. కొంత చోటు వదిలి, బొమ్మకు ఆరున్నర దాకా ఇచ్చి ధ్వనికి ఏసీ-3లో 256 కిలోబిట్లు పెట్టండి. సవరించని ఏవీఐనీ అసలు వేవ్‌నూ చెరిపేయవద్దు. ఆ క్యాసెట్టుకు వచ్చిన గుణకాన్ని, కోసిన ఫ్రేముల సంఖ్యను ఫైలు పేరులోనే రాసి హార్డ్ డిస్కులో ఉంచండి.